తిరగలి చప్పుడు ఎవరికి రొద?

సాహిత్యంలో స్త్రీ గొంతు ఎక్కడ వినిపిస్తోంది, ఎక్కడ వినిపించడం లేదు అని మనం చాలాకాలంగా అడుగుతున్నాం. ఆ గొంతును ఎవరు రాశారు, ఏ భాషలో రాశారు, ఎవరు అచ్చువేశారు, ఎవరు సంకలనంలోంచి తప్పించారు అని కూడా అడిగాం. గొంతును గొంతుగానే మోసుకొచ్చే యంత్రాన్ని మాత్రం పెద్దగా నిలదీయలేదు. యంత్రం కదా, దానికి పక్షపాతం ఏముంటుందని అనుకుని ఉంటాం. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పుకున్న మాటలు పుస్తకమై మన చేతికొచ్చాయి. ఇవాళ మనలో చాలామంది ఆ పని చేతిలోని ఫోనుతోనే చేస్తున్నాం. అమ్మమ్మల పాటలు, కార్మిక స్త్రీల అనుభవాలు, హింస నుంచి బయటపడినవాళ్ల వాంగ్మూలాలు ఇప్పుడు కాగితం మీదికి రాకుండానే, గొంతుగానే జనంలోకి వెళ్తున్నాయి. అలా వెళ్లే ముందు అవి ఒక కంప్యూటర్ తెర దాటుతున్నాయి. ఈ వ్యాసం ఆ తెర గురించి. ఒక తెరను స్పష్టంగా గీయడం, గీయకపోవడం నైతిక విషయం అవుతుందా? అవుతుందనే నా వాదన.

ముందు ఆ తెర ఏమిటో చెప్పాలి. మాటనో పాటనో కంప్యూటర్లో రికార్డు చేసి సరిదిద్దడానికి ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దానికి తగిలించుకునే చిన్న చిన్న పనిముట్లను ప్లగిన్లు అంటారు. ఒకటి రొద తగ్గిస్తుంది. ఒకటి హెచ్చుతగ్గులుగా ఉన్న గొంతును ఒక మట్టానికి తెస్తుంది. ఒకటి ‘స’కారం చెవిలో గుచ్చుకోకుండా చూస్తుంది. మరొకటి శ్రుతి తప్పిన స్వరాన్ని దారిలో పెడుతుంది. 1996లో జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ కంపెనీ వీఎస్‌టీ అనే పద్ధతిని తెచ్చాక, ఒకరు చేసిన సాఫ్ట్‌వేర్‌కి ఇంకొకరు చేసిన పనిముట్టు తగిలించుకోవడం మామూలైపోయింది. ప్రతి ప్లగిన్‌కీ ఒక కిటికీ ఉంటుంది. ఆ కిటికీలో ఏ మీట ఎక్కడ ఉండాలి, దాని కింద ఏ మాట రాయాలి, తెరవగానే ముల్లు ఏ అంకె దగ్గర నిలబడి ఉండాలి - ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయిస్తారు.

డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకుని, తర్వాత కంప్యూటర్ల వైపు వెళ్లిన అమ్మాయి ఒకామె ఆ పనే చేస్తోంది. బొబ్బిలి వైపు పిల్ల. ఓ చిన్న కంపెనీలో, రికార్డు చేసిన గొంతును శుభ్రం చేసే ప్లగిన్‌కి కిటికీలు గీస్తుంది. నేను శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో స్త్రీల పనిపాటలు రికార్డు చేస్తుంటానని ఆమెకు తెలుసు. “మేడమ్, మీ దగ్గరున్న పాటలు ఒకటి రెండివ్వండి. మా పనిముట్టుకి పరీక్ష పెడదాం” అంది. సంతోషంగా ఇచ్చాను. ఆ తర్వాత కొన్ని నెలలపాటు మేమిద్దరం మాట్లాడుకున్న విషయాలే ఈ వ్యాసానికి ఆధారం.

మొదట ఆమె నాకు మార్కెట్లో దొరికే ప్లగిన్ల కిటికీలు చాలా చూపించింది. వాటిలో అనేకం కంప్యూటర్ తెరల్లా లేవు. 1960లు, 70ల నాటి విదేశీ స్టూడియోల్లో ఉండిన ఇనప పెట్టెల బొమ్మల్లా ఉన్నాయి. మరమేకులు, గీతలు పడిన రంగు, వెలిగే బల్బు, ఊగే ముల్లు, అద్దం మీద పడిన నీడ కూడా. నిజం పెట్టెకి మరమేకు అవసరం, బొమ్మకి ఎందుకు? గుండ్రటి మీటను వేళ్లతో తిప్పడం హాయి, మౌస్‌తో తిప్పడం యాతన. అయినా అవి గుండ్రటి మీటలే. వాటి కింద థ్రెషోల్డ్, రేషియో, అటాక్, రిలీజ్ అని రాసి ఉంటుంది. ఒక మట్టం దాటిన గొంతును ఎంత అణచాలి, ఎంత త్వరగా అణచడం మొదలుపెట్టాలి, ఎంతసేపటికి వదిలిపెట్టాలి అన్నవే ఆ నాలుగు మాటలకీ అర్థం. ఇలా చెప్తే ఎవరికైనా తెలుస్తుంది. కానీ అక్కడ ఇలా చెప్పరు. ఆ పెట్టెల ముందు ఒకప్పుడు కూర్చున్నవాళ్లకి ఆ బొమ్మ తీపి జ్ఞాపకం. కూర్చోనివాళ్లకి అది మూసిన తలుపు.

ఎవరు కూర్చున్నారు, ఎవరు కూర్చోలేదు అని మనం వేరే అడగక్కర్లేదు. 1935లో విజయనగరంలో పుట్టి, అక్కడి సంగీత కళాశాలలోనే చదువుకున్న పి. సుశీల గొంతు వినని తెలుగిల్లు ఉండదు. మైకు ఇవతల పాడిన స్త్రీల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెబుతాం. అద్దం అవతల మీటల దగ్గర కూర్చున్న స్త్రీ పేరు ఒక్కటి చెప్పమంటే తడుముకుంటాం. గొంతు స్త్రీది, మీట పురుషుడిది అన్న పని విభజన స్టూడియో గోడల మధ్య పుట్టింది. ఆ గోడలు కూలిపోయి స్టూడియో మన ఒళ్లోని కంప్యూటర్లోకి వచ్చినా, ఆ గది అలవాట్లు మాత్రం బొమ్మలై తెర మీద మిగిలిపోయాయి.

ఇది చూసినప్పుడు నాకు మా జిల్లా మనిషి గిడుగు రామమూర్తి గుర్తొచ్చారు. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన ఆయన, గ్రాంథిక భాషలో పాఠాలు చెప్పడాన్ని ఎందుకు ఎదిరించారు? వ్యాకరణం మీద కోపంతో కాదు. తనకు రాని వ్యాకరణమా అది! చదువు చెప్పడం విషయం తెలియడానికైతే, నేర్చుకునేవాళ్లు మాట్లాడే భాషలో చెప్పాలన్నది ఆయన పట్టు. ఎవరూ మాట్లాడని భాషలో రాస్తే పండితుడి పెద్దరికం నిలుస్తుంది గాని పిల్లవాడికి పాఠం అందదు. 1911లో గ్రాంథికవాదులు ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టుకుని ఎదురు నిలిచారు. ఆయన 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి జవాబు చెప్పారు. వాడుక భాషలో రాస్తే శాస్త్రం పలచబడిపోతుందన్నది ఆనాటి భయం. తెరను మామూలు మాటల్లో గీస్తే అది వృత్తి కళాకారుల పనిముట్టులా కనిపించదన్నది ఈనాటి భయం. మరమేకుల బొమ్మ ఈ కాలపు గ్రాంథికం. అది అబద్ధమేమీ చెప్పదు. తెలిసినవాళ్లకి మాత్రమే చెబుతుంది.

ఇంతవరకూ ఆమె, నేను ఒకే మాట మీద ఉన్నాం. “అందుకే మేడమ్, ఇప్పుడంతా ఒక్క మీటే” అని తన కంపెనీ తెర చూపించింది. తెల్లటి కిటికీ. మధ్యలో ఒక పెద్ద చక్రం. కింద ‘క్లీన్’ అని ఒక్క మాట. మరమేకుల్లేవు, అంకెల్లేవు, భయం లేదు. “మా ఆఫీసులో దీన్నే స్పష్టత అంటారు” అంది.

నేనిచ్చిన పాట ఆమదాలవలస దగ్గరి ఒక పల్లెలో, డెబ్బై దాటిన ఒకామె చోళ్లు విసురుతూ పాడింది. చక్రం తిప్పగానే తిరగలి మాయమైపోయింది. గొంతు ఒక్కటే, కడిగిన పళ్లెంలాగా, మిగిలింది. మొదట వినడానికి ఎంతో బాగుంది. రెండోసారి విన్నప్పుడు ఏదో తప్పినట్టనిపించింది. ఆమె అక్కడ ఎందుకు ఆగింది, ఇక్కడ మాటను ఎందుకు సాగదీసింది, ఊపిరి ఎందుకు అక్కడే తీసుకుంది - ఏదీ తెలియడం లేదు. రాయి తిరిగే బరువు మీద ఆ పాట నిలబడి ఉంది. రాయి పోతే పాట గాల్లో వేలాడింది. తర్వాత మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు రెండూ ఆమెకే వినిపించాను. శుభ్రం చేసినది విని నవ్వి, “ఏటమ్మా, తిరగలి సప్పుడు తీసీసినారేటి? అదుంటేనే కదా పాట నడుస్తాది. లేకపోతే నానేటి, ఊరికే అరిసినట్టుంటాది” అంది.

అది తీర్పు. దాని వెనక ఉన్న ప్రశ్న చాలా పెద్దది. ఏది పాట, ఏది రొద అని ఎవరు నిర్ణయించారు?

రొద తీసే పనిముట్లు రెండు పద్ధతుల్లో పనిచేస్తాయి. పాత పద్ధతిలో, రికార్డింగులో ఎవరూ మాట్లాడని రెండు మూడు సెకన్ల ముక్కను మనమే ఎంచి చూపిస్తాం. అందులో ఏ స్థాయి నాదాలు ఎంతెంత ఉన్నాయో యంత్రం కొలుచుకుని, తక్కిన రికార్డింగంతటిలో వాటిని తగ్గిస్తుంది. ఫ్యాను, మోటారు, ఏసీ లాగా మారకుండా ఒకే తీరుగా సాగేదే రొద అన్నది దాని నమ్మకం. కొత్త పద్ధతిలో మనం చూపించేదేమీ ఉండదు. వేలకొద్దీ శబ్దాలు ముందే విని, ఇది గొంతు, ఇది కాదు అని యంత్రం నేర్చుకుని వస్తుంది. ఏవి గొంతులో, ఏవి రొదలో దానికి ఎవరో ఎక్కడో ముందే చూపించి ఉంటారు. మొదటి పద్ధతిలో ఎంపిక మన చేతిలో ఉంది. రెండోదాంట్లో ఎంపిక జరిగిపోయింది. జరిగిందన్న సంగతి కూడా తెర మీద ఉండదు.

ఆగకుండా, ఒకేలా, రోజూ సాగేది రొద అంటే మనకు వెంటనే తట్టవలసినది ఇంటిపని. విసరడం, దంచడం, తోమడం, ఊడవడం. అవి జరుగుతున్నంతసేపూ ఎవరికీ వినిపించవు. ఆగినప్పుడే ఇంట్లోవాళ్లు తల తిప్పి చూస్తారు. స్త్రీల పనిని లెక్కలోకి రానివ్వని చూపు, జాతీయాదాయ లెక్కల్లోనే కాదు, శబ్దాన్ని విడదీసే లెక్కలో కూడా ఉంది. పని వేరు, పాట వేరు అనే విభజన కచేరీ మందిరానిది. తిరగలి పాటలో, దంపుళ్ల పాటలో, ఊడ్పు పాటలో ఆ విభజన లేదు. ఆ యంత్రానికి చెడ్డ ఉద్దేశమేమీ లేదు. అది కచేరీ మందిరంలో కూర్చుని మన వాకిలిని విన్నది, అంతే.

అంకెల్లో దాక్కున్న ఇలాంటి నిర్ణయం టెలిఫోన్‌లో కూడా ఉంది. పాత టెలిఫోన్ గొంతులోని కంపనాల్లో సెకనుకు సుమారు 300 నుంచి 3400 దాకా ఉన్నవాటినే మోసేది. మాట అర్థం కావడానికి అంత చాలునని నిర్ణయించారు. కానీ స, శ, ష లాంటి ఊదుడు అక్షరాల బలం చాలావరకు ఆ పైహద్దుకు అవతల ఉంటుంది. స్త్రీల గొంతులో అది మగవాళ్ల గొంతులో కంటే ఇంకా పైన ఉంటుంది. అంటే ఒకే తీగ ఒకరి గొంతును ఎక్కువగా, ఒకరి గొంతును తక్కువగా కత్తిరించింది. కత్తిరించాక ఆడవాళ్ల మాట ఫోన్లో కీచుగా ఉంటుంది, స్పష్టంగా ఉండదని జోకులు పుట్టాయి. కొత్త వైడ్‌బ్యాండ్ ఫోన్లలో ఆ హద్దు 7000 దాకా వెళ్లింది. హద్దు జరిగాక తెలిసింది, లోపం గొంతులో లేదని.

ఇంకో ఉదాహరణ. శ్రుతి సరిచేసే ప్లగిన్లలో పేరుమోసిన ఆటో-ట్యూన్ 1997లో వచ్చింది. అందులో ఏ రకం గొంతో చెప్పమని అడిగే జాబితా ఒకటి ఉంటుంది: సోప్రానో, ఆల్టో లేదా టెనర్, లో మేల్, వాయిద్యం, బాస్ వాయిద్యం. మొదటి రెండూ పాశ్చాత్య బృందగానంలోని మాటలు. మూడోది మాత్రం నేరుగా ‘మగ’ అంటుంది. వయసు మీదపడి మంద్రంలోకి దిగిన స్త్రీ గొంతుకో, హిజ్రా గాయని గొంతుకో ఆ స్థాయి సరిపోతే, ఆమె తనను మగ గొంతుగా ఒప్పుకుని ముందుకు పోవాలి. దీని పక్కన మన శ్రుతిపెట్టెను పెట్టి చూడండి. ఒకటో శ్రుతి, ఒకటిన్నర, అయిదు, అయిదున్నర. ఉత్త అంకెలు. స్త్రీలు సాధారణంగా అయిదు దగ్గర పాడతారు, పురుషులు ఒకటి దగ్గర. కానీ ఆ మాట పెట్టె అనదు. చెవికి నప్పేదాకా మీట తిప్పుకోవడమే. ఇదీ ఇంటర్‌ఫేసే. ఎవరు ఎవరో నిర్ణయించకుండానే స్పష్టంగా ఉన్న ఇంటర్‌ఫేస్.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. అరవై మీటల తెర మనల్ని బయట నిలబెట్టింది. ఒక్క మీట తెర లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, ‘మీకెందుకమ్మా ఇవన్నీ, మేం చూసుకుంటాం’ అంది. ఈ రెండో మాట మనం ఎన్నిసార్లు విన్నాం! బ్యాంకులో, ఆసుపత్రిలో, రిజిస్ట్రారు ఆఫీసులో, పుట్టింట్లో ఆస్తి పంపకాల దగ్గర. సంతకం పెడితే చాలు అన్నారు. అది దయలాగే ఉంటుంది. కొన్నిసార్లు నిజంగా దయే. కానీ పని సులువు చేయడం వేరు, స్పష్టం చేయడం వేరు. సులువు చేయడమంటే నిర్ణయాన్ని కనబడకుండా దాచడం. స్పష్టం చేయడమంటే ఏ నిర్ణయం జరిగిందో చెప్పి, మార్చుకునే వీలివ్వడం. ఈ తేడాను చెరిపేసి సులువునే స్పష్టత అని పిలవడంలోనే నాకు నైతికమైన చిక్కు కనిపిస్తుంది.

తెర తెరవగానే ముల్లు ఉండే చోటుని ఆ వృత్తిలో డిఫాల్ట్ అంటారు. నేను దాన్ని ఆనవాయితీ అంటాను. ఇంటి ఆనవాయితీలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. వాటిని ఎవరూ ఎవరి మీదా రుద్దినట్టు ఉండదు. కానీ చివర్న తినేది, ముందు లేచేది ఎప్పుడూ ఒకే మనిషి. అలాగని ఆనవాయితీలు వద్దని అనలేం. ప్రతి పూటా ప్రతి విషయం మొదటినుంచీ తేల్చుకుంటూ బతకడం అసాధ్యం. అందుకని నేను కోరేది ఆనవాయితీ లేకుండా చేయమని కాదు. అది ఆనవాయితీ అని కనపడనివ్వమని, అడిగితే జవాబు దొరికేలా ఉంచమని.

అలా ఉంచడం సాధ్యమేనా? సాధ్యమే. అప్పటికే ఉన్న పనిముట్లలో ఒకచోట దానికి ఆధారం దొరికింది. 2000లో విడుదలై ఇప్పటికీ ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో, రొద తగ్గించే కిటికీ అడుగున రెండు ఎంపికలుంటాయి. ఒకటి తగ్గించమని. రెండోది ‘రెసిడ్యూ’, అంటే తీసేయబోయేది ఏమిటో వినిపించమని. దాన్ని ఎంచుకుంటే మిగిలినది కాకుండా పోయేది వినిపిస్తుంది. దాన్ని చూసి మా అమ్మాయి తన పరీక్ష తెరలోనూ అలాంటి మీట పెట్టి తిరగలి పాట వేసింది. తిరగలి వినిపించింది. దానితోపాటు గొంతు పేలికలు కూడా వినిపించాయి. మాటల చివర్లు, ‘హ’కారాలు, గొంతు వణికిన చోట్లు, ఊపిరి. రొద అనుకుని తీసిన దానిలో ఆ మనిషి సగం ఉంది. చక్రం కింద ‘క్లీన్’ అని రాసిన ఆ తెర ఆ సంగతి మాకు చెప్పనే లేదు.

ఒక పనిముట్టు స్పష్టంగా ఉందా లేదా అని తేల్చడానికి నాకు ఇంతకంటే మంచి గీటురాయి దొరకలేదు. అది తీసేస్తున్నదాన్ని వినిపిస్తుందా? వినిపిస్తే, ఎన్ని మీటలున్నా, ఎన్ని తక్కువున్నా, నిర్ణయం మన చేతికి తిరిగి వస్తుంది.

దీనికి అభ్యంతరాలున్నాయి. మొదటిది ఆమె పైఅధికారులది. అంత లోతు ఎంతమందికి కావాలి, నూటికి తొంభైమంది ఒక్క మీట నొక్కి వెళ్లిపోతారు కదా అని. వెళ్లనివ్వండి. కుండ మూత అందరూ తియ్యక్కర్లేదు. మూతకి అతుకు వేసేయకూడదు, అంతే. రెండో అభ్యంతరం నాకు నేను వేసుకున్నది. తీసేయడం తప్పు అని నేను అంటున్నానా? కాదు. ఇంట్లో హింస గురించి చెప్పిన ఒక స్త్రీ వాంగ్మూలం తీసుకోండి. వెనక టీవీలో వస్తున్న సీరియల్, పక్కింటివాళ్లు పిలిచిన పేరు, వీధి చివరి గుడి మైకు - వీటిలో ఏ ఒక్కటైనా ఆమె ఎవరో పట్టిచ్చేయగలదు. అక్కడ ఆ చప్పుళ్లు తీసేయడమే ఆమెకు రక్ష. తిరగలి పాటలో ఉంచడం న్యాయం, వాంగ్మూలంలో తీయడం న్యాయం. ఒకే చప్పుడు ఒకచోట పాట, ఒకచోట ప్రమాదం. అందుకే ఏది రొదో ఎక్కడో కూర్చున్నవాళ్లు అందరి తరఫునా ఒక్కసారే తేల్చేయలేరు. వాంగ్మూలం విషయంలో కూడా ఆ రెండో మీట కావాలి. తీయాల్సింది నిజంగా పోయిందా, ఆమె మాటల్లో ఏదైనా దానితోపాటు కొట్టుకుపోయిందా అని విని చూసుకోకుండా ఆ రికార్డింగు బయటపెట్టడానికి మనకు హక్కు లేదు.

మూడోది నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. “మేడమ్, ఒక్క మీట కోసం నేను మీటింగులో పోట్లాడితే, ఈ అమ్మాయి మరీ ఎమోషనల్ అంటారు. నా ప్లేసులో మీరుంటే ఏం చేస్తారు?” అని అడిగింది. తెర గీసే మనిషికి నైతిక బాధ్యత ఉందని వ్యాసం రాయడం తేలిక. ఆ మనిషి ఆఫీసులో అందరికంటే చిన్న ఉద్యోగి, అందులోనూ ఆడపిల్ల అయినప్పుడు, బాధ్యతంతా ఆమె నెత్తిన పెట్టడం ఇంకో రకం పితృస్వామ్యం. ఇంటి పరువు కోడలి చేతిలో పెట్టినట్టే. బాధ్యత అందరికీ ఒకేలా ఉండదు. నిర్ణయించే అధికారం ఎంతుందో అంత. అమ్మేవాళ్లకి ఎక్కువ, గీసేవాళ్లకి కొంత, వాడే మనకీ కొంత. మనం అడగకపోతే, ఎవరూ అడగడం లేదని వాళ్లు ఆమెకు చెబుతారు. అది నిజం కూడా అవుతుంది.

స్పష్టత ఎవరికి అన్నప్పుడు మరిచిపోకూడని వాళ్లు ఇంకొందరున్నారు. విజయనగరం సంగీత కళాశాల 1919లో పుట్టింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. సంస్థాన ఉద్యోగి ఒకరి అంధుడైన కొడుకు సంగీతం నేర్చుకోవడం కోసమే మహారాజా దాన్ని పెట్టారని విజయనగరంలో చెప్పుకుంటారు. చూపు లేనివాళ్లకి సంగీతం సహజమైన ఇల్లని మనం తేలిగ్గా అంటాం. అదే సంగీతాన్ని సరిదిద్దే ప్లగిన్ల కిటికీలు చాలావరకు ఉత్త బొమ్మలు. 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ మిత్రులు మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది. బొమ్మలో చదవడానికి అక్షరం ఉండదు. ప్లగిన్లు తయారుచేసేవాళ్లు ఎక్కువగా వాడే జ్యూస్ అనే చట్రంలోకి ఈ సౌకర్యం 2021లో గాని రాలేదు. వీఎస్‌టీ వచ్చిన పాతికేళ్లకి! పాత ఇనప పెట్టె మీద మీటనైతే చూపు లేని చేయి తడిమి తెలుసుకోగలిగేది. దాని బొమ్మ గీసినవాళ్లు స్పర్శను వదిలేసి అందాన్ని మాత్రమే తెచ్చుకున్నారు. చెవి కోసం చేసిన పనిముట్టును కంటికే చెందేలా చేశారు. తీసేసింది వినిపించే మీట అంధులైన స్త్రీలకి దానికదే అన్నీ ఇవ్వదు. కానీ చెవిని నమ్మే పనిముట్టు ఎటు నడవాలో అది చూపిస్తుంది.

చివరికి మా ఇద్దరికీ మీటకి పేరు పెట్టే దగ్గర చిన్న వాదం వచ్చింది. కంపెనీ తెలుగు తెర కూడా తేవాలనుకుంటోంది. ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో ‘రెసిడ్యూ’ అని పెడదామా? నిఘంటువు చూస్తే ‘అవశేషం’ అని ఉంది. మాట బాగానే ఉంది గాని గిడుగు నవ్వుతారనిపించింది. సవరల భాష నేర్చుకోవడానికి ఆ కొండల్లో తిరిగి, మలేరియాకి వాడిన క్వినైన్ వల్ల చెవుడు తెచ్చుకున్నారని చెప్పే మనిషి ఆయన. 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడేదాకా ఆ పని వదల్లేదు. ఒక భాషలో ఏ శబ్దం అర్థవంతమో, ఏది కాదో బయటి మనిషి తేల్చలేడు, మాట్లాడేవాళ్లనే అడగాలి అన్నది ఆ పనికి పునాది. మేమూ అడిగాం. నేను పాటలు రికార్డు చేసే ఊళ్లలో నలుగురైదుగురు స్త్రీలకి ఆ మీట పని వినిపించి, దీన్నేమనాలి అని అడిగితే, ఎవరూ ‘అవశేషం’ అనలేదు. “తీసీసింది ఇనిపిస్తంది” అన్నారు. తెర మీద ఇప్పుడు ‘తీసేసింది విను’ అని ఉంది. దాన్ని పెద్ద చక్రం పక్కనే ఉంచుతారో, రెండు కిటికీల వెనక్కి నెడతారో కంపెనీ ఇంకా తేల్చలేదు.

ఆ నిర్ణయం మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది వేరే. మన రికార్డింగులు స్టూడియోకో, సంపాదకులకో, యంత్రానికో ఇచ్చి శుభ్రం చేయమన్నప్పుడు, వచ్చినది బాగుందా అని మాత్రమే చూసి ఊరుకుంటున్నాం. ఇక మీద ఇంకో మాట అడుగుదాం. ఏం తీశారు? అది కూడా వినిపించండి. మనం చేసే సంకలనాలకీ, అనువాదాలకీ, మనం సరిదిద్దే ఇతరుల వాక్యాలకీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. అక్కడ మీట దగ్గర కూర్చున్నది మనమే.